ఊళ్లో అసమానతకి కారణాలు చూపించాలంటే భూమి లెక్క ఒక్కటి తీస్తే సరిపోతుందా? (కోవూరు వైపు ఒక ఊరు, కనిగిరి వైపు ఒక ఊరు)

పెన్నాగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఎం.ఏ. ఎకనామిక్స్ ప్రాజెక్టు. అంశం "గ్రామాల్లో సామాజిక, ఆర్థిక అసమానతలకు కారణాలు". నెల్లూరు దగ్గర కోవూరు వైపు డెల్టా ఊరు ఒకటి, పోల్చడానికి కనిగిరి వైపు మెట్ట ఊరు ఒకటి తీసుకున్నాను. పుస్తకంలో కారణాలన్నీ వరసగా ఉన్నాయి: ఆస్తి, చదువు, కులం, ఆడ-మగ తేడా, ప్రాంతం. ఆ జాబితా తిరగరాస్తే గైడ్ గారు ఒప్పుకోరు. ఒక్కో కారణం ఊళ్లో డబ్బుని ఎట్టా అటు నుంచి ఇటు జరుపుతుందో లెక్కతో చూపించమన్నారు.

భూ కమతాల మీద గినీ లెక్క వేశాను (0 అంటే అందరికీ సమానం, 1 అంటే అంతా ఒకరి చేతిలోనే). డెల్టా ఊరికి 0.44, మెట్ట ఊరికి 0.41 వచ్చింది. అంటే రెండు ఊళ్లూ దాదాపు ఒకటేనని రాయాలా? ఊళ్లోకి వెళ్లి చూస్తే అట్టా అనిపించదు. ఎక్కడ తప్పింది? కౌలు రైతుని భూమి ఉన్నవాడి కింద వేయాలా, లేనివాడి కిందా? అప్పుల గురించి ఏం అడిగితే పనికొచ్చే సమాధానం వస్తుంది?

---

పాతలెక్కలు

0.44 అన్నారంటే భూమి లేని ఇళ్లని లెక్కలోంచి తీసేసినట్టుంది. వ్యవసాయ గణాంకాల పద్ధతి చూసి వేస్తే అందరికీ ఇదే జరుగుతుంది. ఆ గణనలో కమతం ఉన్నవాళ్లే ఉంటారు, కూలి ఇళ్లు అసలు కనిపించవు.

పది ఇళ్ల ఊరు అనుకోండి. అయిదు ఇళ్లకి భూమి లేదు. రెండు ఇళ్లకి ఎకరం చొప్పున, ఒక ఇంటికి 3, ఒక ఇంటికి 5, ఒక ఇంటికి 10. మొత్తం 20 ఎకరాలు. తక్కువ నుంచి ఎక్కువకి వరస పెట్టి, వరస సంఖ్యతో ఎకరాలని గుణించి కూడండి: 6×1 + 7×1 + 8×3 + 9×5 + 10×10 = 182. దాన్ని రెట్టింపు చేసి (364), ఇళ్ల సంఖ్య × మొత్తం ఎకరాలతో (10×20 = 200) భాగిస్తే 1.82. అందులోంచి (10+1)/10, అంటే 1.1 తీసేస్తే గినీ 0.72.

అదే ఊళ్లో భూమి లేని అయిదు ఇళ్లని వదిలేసి మిగతా అయిదింటికే వేస్తే 0.44 వస్తుంది. ఊరు మారలేదు, లెక్కలోకి ఎవరిని రానిచ్చామన్నదే మారింది.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆ పదెకరాల ఆసామి ఆరెకరాలు కౌలుకిచ్చాడనుకోండి, భూమి లేని ముగ్గురికి తలా రెండెకరాలు. "ఎవరు సాగు చేస్తున్నారు" అని అడిగి లెక్క వేస్తే 0.43కి దిగుతుంది. "పట్టా ఎవరిది" అని అడిగితే మళ్లీ 0.72. కౌలు ఎంత ఎక్కువ ఉంటే, సాగు లెక్కలో ఊరు అంత సమానంగా కనిపిస్తుంది. డెల్టా ఊళ్లలో కౌలు ఎక్కువ కాబట్టి మీ పోలిక అక్కడే బోల్తా పడింది. రెండు గినీలూ వేసి పక్కపక్కన పెట్టండి. ఆ రెంటి మధ్య తేడానే మీ ప్రాజెక్టుకి అసలు సరుకు.

మూడో సంగతి, ఎకరం అంటే అన్నిచోట్లా ఒకే ఎకరం కాదు. 1973 భూ సంస్కరణల చట్టమే ఆ మాట ఒప్పుకుంది. అయిదుగురి కుటుంబానికి గరిష్ఠ పరిమితి తరీ (నీళ్లు పారే) భూమైతే 10 నుంచి 27 ఎకరాలు, మెట్టయితే 35 నుంచి 54. కాలవ కింద ఎకరాన్నీ కనిగిరి ఎర్రచెలక ఎకరాన్నీ ఒకే గడిలో కూడితే లెక్క ఎందుకూ కొరగాదు. భూమి శిస్తు తరగతి అడంగల్‌లో (ఊరి భూమి, సాగు రికార్డు) దొరుకుతుంది, దాన్నిబట్టి బరువు ఇవ్వండి.

---

సోమశిల_కింద

కౌలు సంగతి నేను చెప్తాను. "కౌలు ఎక్కువ కాబట్టి పేదరికం" అని ఒక వాక్యంలో తేల్చేస్తుంటారు, అక్కడ చాలా జారిపోతుంది.

ఒక ఎకరం, ఒక పంట తీసుకోండి. మన దగ్గర పెద్ద పంట అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నాట్లు పడి ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో కోతకొస్తుంది. ఎడగారు (రెండో పంట) సంగతి ఇప్పుడు పక్కన పెడదాం. దిగుబడి ఎకరాకి మూడున్నర పుట్లు. (నెల్లూరు పుట్టి 850 కిలోలు. బయటి జిల్లాల గైడ్ అయితే ఈ మాట తప్పకుండా రాయండి, లేకపోతే అర్థం కాదు.) కింది ఖర్చులు, కౌలు, కళ్లం ధర లెక్క కోసం నేను అనుకున్నవి. మీ ఊళ్లో అడిగి మార్చుకోండి, వరస మాత్రం మార్చొద్దు.

దుక్కి, దమ్ము 6,500. విత్తనం, నారుమడి 2,000. నాట్లు 6,000. ఎరువులు 6,500. మందులు 4,000. కలుపు 2,000. కోత మిషన్ 3,500. తోలకం 1,500. మొత్తం 32,000. ఇంట్లోవాళ్ల కష్టం ఇందులో వేయలేదు.

ముందు సొంత భూమి సాగు చేసే రైతు. పాస్‌బుక్ ఉంది, పంట రుణం దొరుకుతుంది. గడువులో కడితే వడ్డీ 4 శాతానికి దిగుతుంది, ఆరు నెలలకి 640. కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకి అమ్మాడు. 2025-26లో ఏ గ్రేడు క్వింటాలు 2,389, అంటే పుట్టి 20,306. మూడున్నర పుట్లకి సుమారు 71,070. ఖర్చు, వడ్డీ పోను 38,430 మిగిలింది.

ఇక కౌలు రైతు. అదే చేను, అదే దిగుబడి, అదే ఖర్చు. పెట్టుబడి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు, ఆరు నెలలకి 3,840. కళ్లంలోనే పుట్టి 16,500కి తోలేశాడు, వచ్చింది 57,750. కౌలు పుట్టెడు, అంటే 16,500. చివరికి చేతిలో మిగిలింది 5,410.

ఇద్దరి మధ్య తేడా 33,020. దాన్ని విడగొట్టండి. కౌలు వల్ల 16,500. ధర వల్ల 13,320. వడ్డీ వల్ల 3,200. అంటే నేను వేసిన ఈ లెక్కలో భూమి లేకపోవడం వల్ల పోయింది సగం. మిగతా సగం ఆ భూమి తాలూకు కాగితం తన పేరున లేకపోవడం వల్ల పోయింది. భూమి పంచకుండానే సరిచేయగలిగిన సగం అది.

పంట తగ్గిన ఏడు ఏమవుతుందో కూడా వేయండి. ఒక పుట్టి తగ్గి రెండున్నరే అయ్యాయి. సొంత రైతుకి ఇంకా 18,130 మిగులుతుంది. కౌలు రైతుకి 11,090 చేతి నుంచి పడుతుంది. భూమి యజమానికి మాత్రం ఎప్పటి 16,500 అప్పుడే. పుట్లలో ముందే తెగ్గొట్టిన కౌలులో నష్టం పంచుకోవడం ఉండదు. అప్పు మొదలయ్యేది ఆ ఏడే.

"మరి కౌలు రైతు కొనుగోలు కేంద్రానికి ఎందుకు తోలడు?" అని మీ గైడ్ అడుగుతారు. మిషన్ కోసిన ధాన్యంలో తేమ ఎక్కువ, కేంద్రంలో 17 శాతం దాటితే తీసుకోరు. ఆరబెట్టాలంటే కళ్లం కావాలి, పట్టలు కావాలి, రెండు మూడు రోజులు మనిషి కావలి ఉండాలి. డెల్టాలో కోతలన్నీ ఒకేసారి పడతాయి, కళ్లం దొరికేది కళ్లం ఉన్నవాడికే. రోడ్డు మీద పోస్తే మబ్బు పట్టినప్పుడల్లా గుండె ఆగుతుంది. రెండోది, ఈ-పంటలో (సాగు చేసిన పంటల ప్రభుత్వ నమోదు) పట్టాదారు పేరు ఎక్కితే డబ్బు పట్టాదారు ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి ఎప్పుడు చేతికొస్తుందో యజమాని దయ. మూడోది, పెట్టుబడి ఇచ్చిన ఎరువుల కొట్టాయనే చాలాచోట్ల ధాన్యం కొనేది కూడా. అట్టాంటప్పుడు ధర అడిగే నోరు ఉండదు.

తూకం కూడా చూడండి. పుట్టి 850 అన్నది నోటిమాటగానే ఉంటుంది. తేమ, తాలు, సంచి బరువు అని కలిపి 900 కిలోలు తూచుకుంటే, ధర తగ్గించినట్టు కనిపించకుండానే వందకి అయిదున్నర పోయినట్టు. సర్వేలో "ధర ఎంత" అని మాత్రమే అడిగితే ఇది దొరకదు. "పుట్టికి ఎన్ని కిలోలు తూచారు" అని అడగండి.

---

పెన్నాగట్టు

విడగొట్టి చూపించడం చాలా బాగుంది సార్. ఒక్క డౌటు. కౌలు రైతుకి కార్డు ఇస్తారు కదా, సీసీఆర్సీ (పంట సాగుదారు హక్కుల కార్డు). అది ఉంటే ఈ సగం పోదు కదా?

---

సోమశిల_కింద

కార్డు ఉంటే చాలావరకు పోదు. అది చేతికి రావడమే కష్టం.

2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం. 2019 చట్టం కింద కార్డుకి గడువు 11 నెలలు, భూయజమాని సంతకం తప్పనిసరి. యాజమాన్య హక్కుకి ఏ ఇబ్బందీ లేదని చట్టంలోనే స్పష్టంగా రాశారు. అయినా సంతకం పెట్టరు. పాత 1956 కౌలుదారీ చట్టం నాటి భయం ఒకటి, "సంతకం పెడితే భూమి వాడిదైపోతుంది" అని. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి. అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒక నంబరు మీద రెండు పంట రుణాలు ఇవ్వరు. కౌలు రైతు కార్డు పట్టుకుని పోతే బ్యాంకులో మొదట చూసేది అదే. యజమాని ఊళ్లో ఉండడు, హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు, సంతకానికి మనిషే దొరకడు అన్నది మూడో కారణం.

మీ ఫారంలో మూడు గళ్లు పెట్టండి: కార్డు ఉందా, ఆ కార్డు మీద రుణం వచ్చిందా, ధాన్యం డబ్బు ఎవరి ఖాతాలో పడింది. మొదటి గడిలో "ఉంది" అన్నవాళ్లలో రెండో గడి దాటేవాళ్లు ఎందరో అక్కడే తెలిసిపోతుంది.

---

వెలిగొండ_ఎదురుచూపు

డెల్టావాళ్లు మాట్లాడుకుంటుంటే అసమానత అంతా పుట్లలోనే ఉన్నట్టుంది. మా వైపు, కనిగిరి, పామూరు, మార్కాపురం వైపు, పదెకరాల పట్టా సొంత పేరున ఉన్న మనిషి కూడా బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోతాడు. కాగితం ఉంది, నీళ్లు లేవు. మీ సిద్ధాంతం ఇక్కడ పనిచేయదు.

ప్రాంతాల మధ్య తేడా ఎప్పటిదో చూడండి. నెల్లూరు ఆనకట్ట 1855లో కట్టారు, సంగం ఆనకట్ట 1886లో. సోమశిల జలాశయం, 78 టీఎంసీలు, ఆ తరవాతి మాట. పెన్నా డెల్టాలో కాలవ కింద ఎకరానికి నూటయాభై ఏళ్లకి పైగా ప్రభుత్వ పెట్టుబడి పడుతూనే ఉంది. మా మెట్టకి నీళ్లివ్వాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన 1996లో. ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్ల రెండు సొరంగాలు, 43.5 టీఎంసీలు, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలు అన్నారు. సొరంగాలు జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. కాలవలు, ముంపు ఊళ్ల పునరావాసం అప్పటికీ మిగిలే ఉన్నాయి. ఆ మధ్య కాలంలో ఒక తరం మొత్తం వలస పోయింది.

కాలవ నీళ్లకి ఎకరాకి కట్టేది నామమాత్రపు శిస్తు. మెట్టలో అదే నీళ్లు రైతు సొంత ఖర్చు: బోరు, కేసింగ్, మోటారు, పైపులు. ఆరేడు వందల అడుగులు దించినా పడకపోవచ్చు. పడితే రెండు మూడేళ్లకి ఎండిపోవచ్చు. పక్కవాడు ఇంకా లోతుకి వేస్తే మనది ఆగిపోతుంది. లోతుకి వేయగలిగినవాడికే నీళ్లు దక్కుతాయి కాబట్టి, మెట్ట ఊళ్లో అసమానత ఎకరాల్లో కాకుండా అడుగుల్లో కొలవాలి. మీ ఫారంలో "ఎన్ని ఎకరాలు" పక్కన "ఎన్ని బోర్లు వేశారు, ఎన్ని పడ్డాయి, ఎంత లోతు, ఏ డబ్బుతో" అని పెట్టకపోతే మా ఊరు మీకు అర్థం కాదు.

తాగే నీళ్లు కూడా కారణమే, చాలామంది వదిలేస్తారు. ఫ్లోరైడు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలో చాలా బోర్లు దాన్ని దాటుతాయి. ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, నడుము బిగుసుకుపోతాయి. నలభై అయిదేళ్లకే వంగి నాటేయలేని, బరువు ఎత్తలేని మనిషికి పూర్తి కూలి ఎవరిస్తారు? మినరల్ వాటర్ క్యాను కొనుక్కునే ఇంటికీ బోరు నీళ్లు తాగే ఇంటికీ మధ్య తేడా, పాతికేళ్ల తరవాత కూలి రోజుల లెక్కలో బయటపడుతుంది. ఉపాధి పనిలో కూడా ఇదే. 2025-26లో రోజు కూలి 307 రూపాయలు, కానీ తవ్విన కొలతని బట్టి ఇస్తారు. నడుము పోయినవాడికి 307 రాదు.

---

చుక్కలభూమి

పై ఇద్దరూ ఒకరి మాట ఒకరు కొట్టేసుకోవడం లేదు. కాగితం, నీళ్లు రెండూ ఒకప్పుడు ఎవరికి దక్కాయి అన్న ప్రశ్న మిగిలింది. అక్కడ కులం మాట రాకుండా కుదరదు. ప్రాజెక్టుల్లో కులానికి "సామాజిక కారణం" అని ఒక పేరా రాసి వదిలేస్తారు. అది భూమి రికార్డులోనే ఉంది.

వెంకటగిరి జమీందారీ ఇటు వెంకటగిరి నుంచి అటు పొదిలి, దర్శి దాకా ఉండేది. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక రైత్వారీ పట్టాలు అప్పటికే సాగులో పేరున్న రైతులకి వచ్చాయి. పొలంలో పనిచేసిన పాలేర్లకి రాలేదు, వాళ్ల పేరు ఏ ఖాతాలోనూ లేదు కాబట్టి. తరవాత వాళ్లకి ప్రభుత్వం డీ-పట్టాలిచ్చింది (ప్రభుత్వ భూమిని పేదలకి కేటాయించిన అసైన్డ్ పట్టాలు). అవి ఎక్కడున్నాయో గ్రామ పటంలో రంగు వేసి చూడండి: చెరువు లోతట్టు, వాగు పోరంబోకు, గుట్ట వాలు, కాలవ అందని చివర. ఎకరాల లెక్కలో అదీ భూమే.

1977 చట్టం డీ-పట్టా అమ్మకాన్ని నిషేధించింది. మంచి ఉద్దేశమే, లేకపోతే ఎప్పుడో చేతులు మారేది. మారింది కూడా, తెల్ల కాగితాల మీద, చవగ్గా. మార్కెట్టు ధరలో సగానికి కూడా పోదు, ఎందుకంటే కొన్నవాడికీ రిజిస్ట్రేషన్ కాదు. ఇంకో చిత్రం, అదే చట్టం బ్యాంకుకీ సహకార సంఘానికీ తనఖా పెట్టుకోనిస్తుంది. బ్యాంకు కౌంటరు దగ్గర మాత్రం "అసైన్డ్ భూమికి లోన్ లేదు" అనే సమాధానమే వినపడుతుంది. చట్టం ఇచ్చిన హక్కు కౌంటరు దాకా రాకపోవడం కూడా మీ కారణాల్లో రాసుకోండి.

చుక్కల భూములు ఇంకో రకం. బ్రిటిషు కాలం రీసెటిల్మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో ఎవరి పేరూ రాయకుండా చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కల వల్ల తరతరాలుగా దున్నుకుంటున్న కుటుంబాలకి అమ్మడం, తనఖా, పంపకం ఏదీ కుదరలేదు. దాన్ని సరిచేయడానికి 2017లో చట్టం వచ్చింది. 2023 మేలో కావలిలో జరిగిన సభలో రాష్ట్రం మొత్తం మీద 2.06 లక్షల ఎకరాలకి హక్కులిస్తున్నట్టు ప్రకటించారు. ఒక గుమాస్తా కలం పెట్టిన చుక్క తరవాతివాళ్లకి అప్పు పుట్టకుండా చేసిందంటే, కాగితం అన్నది ఎంత పనిచేస్తుందో చూడండి.

కులం రెండో పని హామీ విషయంలో చేస్తుంది. నూటికి రూపాయిన్నరకి అప్పు దొరికేవాడు ఉన్నాడు, నూటికి మూడు ఇస్తేగానీ దొరకనివాడు ఉన్నాడు. అడిగితే "నమ్మకం" అంటారు. ఆ నమ్మకం బంధుత్వం దారిలో నడుస్తుంది, బంధుత్వం కులం దాటదు. వడ్డీ రేటు పక్కన ఇచ్చినవాడి, తీసుకున్నవాడి కులం రెండూ రాసుకుంటే మీకే పట్టికలో కనిపిస్తుంది. అడిగేటప్పుడు జాగ్రత్త, నలుగురిలో అడగొద్దు.

---

బకింగ్‌హాం_కాలవ

ఇంతసేపూ కాగితం సగం ఉన్నవాళ్ల గురించి మాట్లాడుకున్నాం. అసలే లేనివాళ్లు ఉన్నారు. యానాదులు అనే గిరిజనులు. రాష్ట్రంలో వాళ్ల జనాభా ఎక్కువగా ఉన్నది నెల్లూరు జిల్లాలోనే. మీ డెల్టా ఊళ్లో కూడా ఉంటారు, ఊరికి అవతల కాలవ కట్ట మీద. ఓటరు లిస్టు, రేషన్ కార్డుల లిస్టు పట్టుకుని ఇళ్లు ఎంచుకుంటే మీ శాంపిల్‌లో ఒక్క ఇల్లూ పడదు. పాతలెక్కలు గారు చెప్పిన 0.72 కూడా అప్పుడు తక్కువే.

కాగితం లేకపోవడం గొలుసులాగా నడుస్తుంది. కాన్పు గుడిసెలో అయింది, జనన నమోదు లేదు. ఏడాది దాటితే పంచాయతీలో నేరుగా కాదు, మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అది లేక ఆధార్ ఆలస్యం. ఆధార్ లేక రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ లేవు. కుల ధ్రువీకరణ లేక హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ లేవు. బడి మధ్యలో ఆగిపోతుంది. నెల్లూరులో యానాదుల కోసమే ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది, కానీ దాని గడప తొక్కడానికి కూడా ముందు ఆ కుల కాగితమే చూపించాలి.

పని ఎట్టా దొరుకుతుందో చూడండి. రొయ్యల చెరువు కాపలా, బాతులు మేపడం, ఇటుక బట్టీ, చేపల వేట. ముందు అడ్వాన్సు ఇస్తారు, పెళ్లికో జబ్బుకో. ఆ అడ్వాన్సు తీరేదాకా ఇంకొకరి దగ్గరికి పోవడానికి వీల్లేదు. కూలి నెలకి కట్టి ఇవ్వరు, బియ్యం, ఖర్చులు లెక్క వేసి అడ్వాన్సులో కలుపుతారు. రాసేది చెరువు యజమాని, చదవడం రానిది వీళ్లకి. రొయ్య చనిపోతే అదీ కాపలావాడి ఖాతాలోనే.

1976 చట్టం ప్రకారం ఇది వెట్టిచాకిరీ. అడ్వాన్సు తీసుకున్న కారణంగా కనీస వేతనం కంటే తక్కువకి పనిచేయాల్సి వచ్చినా, వేరే చోటికి పోయే స్వేచ్ఛ లేకపోయినా చాలు. సంకెళ్లు ఉండక్కర్లేదు. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడు, కూలివాడు కాదు. విడుదలైతే ఆ అప్పు రద్దు. విచారణ చేసేది కలెక్టరు లేదా ఆర్డీవో. వెంటనే ఇచ్చే సాయం 30,000 రూపాయలు. అన్నిటికంటే ముఖ్యం విడుదల ధ్రువపత్రం. అధికారులు చాలాసార్లు మనుషుల్ని బయటికి తెచ్చి, "రాజీ" చేసి ఇంటికి పంపేస్తారు. ధ్రువపత్రం లేకపోతే పునరావాసం రాదు, అప్పు రద్దయినట్టు రుజువూ ఉండదు, ఆరునెలల్లో మళ్లీ అదే చెరువు గట్టు మీద ఉంటారు.

పాత సంగతి ఒకటి. కావలిలో, కప్పరాళ్లతిప్పలో సెటిల్‌మెంట్లు (నిఘాలో ఉంచిన కాలనీలు) బ్రిటిషు కాలం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద పెట్టినవి. ఎరుకల వాళ్లలాంటి కులాలని పుట్టుకతోనే నేరస్థులుగా రాశారు. ఆ జాబితా 1952లో రద్దయింది. ఇప్పటికీ చెరువులో మోటారు పోతే మొదట ఎవరి గుడిసె వెతుకుతారో అడిగి చూడండి. అనుమానం కూడా ఒక ఖర్చే. అద్దె ఇల్లు దొరకదు, కొట్లో పని దొరకదు, హామీ పడేవాడు దొరకడు.

---

పెన్నాగట్టు

శాంపిల్ మళ్లీ తీయాలని అర్థమైంది. రేషన్ లిస్టు బదులు ఊరంతా తిరిగి పొయ్యిల లెక్కన ఇళ్లు రాసుకుంటాను. చివరి ప్రశ్న: అప్పు గురించి "ఎంత ఉంది" అని అడిగితే అందరూ తక్కువ చెప్తున్నారు. ఏం చేయాలి?

---

పాతలెక్కలు

"ఎంత ఉంది" అని అడగొద్దు. "నోటు చివరిసారి ఎప్పుడు తిరగరాశారు" అని అడగండి.

ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. అందుకని మూడేళ్లు నిండేలోపు నోటు వెనక చెల్లు (కొంత కట్టినట్టు రాత) వేయిస్తారు, లేదా నోటు తిరగరాస్తారు. తిరగరాసేటప్పుడు వడ్డీ అసలులో కలుస్తుంది. లక్ష రూపాయలు, నూటికి రెండు. ఏడాదికి 24,000, మూడేళ్లకి 72,000. కొత్త నోటు 1,72,000కి. మరో మూడేళ్లకి దాని మీద 1,23,840. ఆరేళ్లకి 2,95,840. చేతికి వచ్చింది లక్షే. మీరు "అసలు ఎంత" అంటే ఒకరు లక్ష చెప్తారు, ఒకరు 1,72,000 చెప్తారు, ఇద్దరిదీ ఒకే అప్పు. మొదటిసారి చేతికొచ్చిన మొత్తం, ఎన్నిసార్లు తిరగరాశారు, మధ్యలో ఏమైనా కట్టారా, ఈ మూడూ తెలిస్తే మిగతాది మీరే వేసుకోవచ్చు.

పోల్చుకోవడానికి ఒక అంకె: 2019 జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో అప్పున్న వ్యవసాయ కుటుంబాలు 93.2 శాతం, సగటు అప్పు 2,45,554 రూపాయలు, దేశంలో అన్నిటికంటే ఎక్కువ. మీ ఊళ్లో సగటు దీనికి చాలా కిందికి వచ్చిందంటే అడగడంలో తేడా ఉందని అనుమానించండి.

---

సోమశిల_కింద

దానికి ఒకటి కలుపుతాను. ఆడవాళ్లని విడిగా అడగండి, మగవాళ్లు లేనప్పుడు. పొదుపు గ్రూపు అప్పు ఆమె పేరున ఉంటుంది, మగవాడి లెక్కలో రాదు. కౌలు పెట్టుబడిలో పెద్ద భాగం చాలా ఇళ్లలో ఆ గ్రూపు డబ్బే. దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం తరవాత రోజుకో రూపాయి లెక్కన మొదలైన పొదుపు ఇప్పుడు ఎరువుల కొట్టుకి పోతోంది. చేను దెబ్బతింటే నెలనెలా కిస్తీ కట్టేది ఆమె, తన కూలిలోంచి. ఆ కూలి కూడా తగ్గింది, కోతలు మిషన్ పట్టుకుపోయింది, మిగిలింది నాట్లూ కలుపూ. నాట్లు గుత్తకి తీసుకుంటారు కాబట్టి "రోజు కూలి ఎంత" అంటే సరైన జవాబు రాదు. "ఎకరా గుత్త ఎంత, ఎంతమంది దిగారు, ఎన్ని పూటల్లో అయింది" అని అడిగి భాగించుకోండి. గట్లు చెక్కడానికి, మందు కొట్టడానికి వచ్చిన మగమనిషికి అదే పూటకి ఎంత ఇచ్చారో పక్క గడిలో రాయండి.

ఫారం తయారయ్యాక ఇక్కడ పెట్టండి, నాట్లు మొదలయ్యేలోపు చూసి చెప్తాం. అక్టోబరు దాటితే మధ్యాహ్నం పూట ఇంట్లో మనిషి దొరకదు, రాత్రి ఏడు తరవాతే పోవాలి.